గడువు ఎవరి దగ్గర ఉంది?

జూన్ నెలలో ఒక శనివారం సాయంత్రం. అప్పట్లో నేను హైదరాబాదులో ఒక సంస్థలో డేటాబేసు చూసుకునేవాణ్ణి. బ్యాకప్పులు ఉంచే డిస్కు నూటికి తొంభై ఆరు పాళ్ళు నిండిపోయింది. కొత్త డిస్కు కోసం రాసిన కాగితం ఎవరి బల్ల మీదో ఆగిపోయి మూడు వారాలయింది. ఆ రాత్రి బ్యాకప్పుకు చోటు కావాలి కాబట్టి, పరీక్షల కోసం పెట్టుకున్న ఫైళ్ళు కొన్ని తీసేశాను. ఈ తిప్పలు మళ్ళీ మళ్ళీ పడకుండా ఉండాలని ఇంకో పని కూడా చేశాను. ఒక అంకె మార్చాను. 400 అని ఉన్నచోట 45 అని కొట్టాను. ప్రతి కాపీనీ 400 రోజులు ఉంచమన్న ఏర్పాటును, 45 రోజులు చాలు అని దిద్దానన్నమాట. ఇకమీదట తీసే కాపీలకే ఈ 45 వర్తిస్తుందనీ, అంతకుముందు తీసినవి తమ 400 రోజులూ పూర్తి చేసుకునే పోతాయనీ నా లెక్క.

రాత్రి రెండు గంటలకు రోజూ నడిచే స్క్రిప్టు నడిచింది. కాలం చెల్లిన కాపీలుంటే అడక్కుండా తుడిచెయ్యి అని దాని చివర ఒక లైను ఉంది. ఏళ్ళ తరబడి ఉన్నదే. ఆదివారం పొద్దున చూస్తే డిస్కు సగానికి పైగా ఖాళీ. అదేమిటని ఆరా తీయాల్సింది. తీయలేదు. ఆగస్టులో ఆడిటర్ వచ్చి, మార్చి 31 రాత్రి లెక్కలు మూసేముందు తరుగుదల పద్దులు ఎలా ఉన్నాయో చూపించమన్నారు. తర్వాత నడిచిన ఒక ప్రోగ్రాము వాటి మీద వేరే అంకెలు రాసేసింది. అసలువి ఉండాల్సిన కాపీ లేదు. నలుగురం కూర్చుని కాగితపు వోచర్లు ముందేసుకుని, ఏడు వారాలు మళ్ళీ ఎక్కించాం. కొన్ని వోచర్లు దొరకలేదు. ఆ పద్దులు ఇప్పటికీ అంచనాగానే ఉన్నాయి.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, ఆ అంకె దగ్గరికి వెళ్ళినప్పుడల్లా చెయ్యి ఆగుతుంది. అప్పటి నుంచీ నేను అడుగుతూ వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న గురించి ఇవాళ మీతో మాట్లాడతాను. కాపీ ఎప్పటిదాకా ఉండాలన్న గడువు ఎక్కడ రాసి ఉంది? కాపీ మీదా, లేక పాలసీలోనా?

ఈ వృత్తిలో లేనివారి కోసం నాలుగు మాటలు. బ్యాకప్ అంటే డేటాకు తీసిపెట్టుకున్న నకలు. ఏ నకలు ఎన్నాళ్ళు ఉంచాలో చెప్పే నియమాన్ని రిటెన్షన్ పాలసీ అంటారు. రోజూ తీసిన కాపీని ఏడేళ్ళు అలాగే ఉంచుకుంటూ పోతే రెండున్నర వేలకు పైగా కాపీలవుతాయి. ఏ సంస్థా అంత ఖర్చు భరించదు. అందుకని రోజు కాపీలు ఏడు, వారం కాపీలు నాలుగు, నెల కాపీలు పన్నెండు, ఏడాది కాపీలు ఏడు ఉంచుతారు. మొత్తం ముప్ఫై. దీన్ని తాత, తండ్రి, కొడుకు పద్ధతి అంటారు. కొడుకులు రోజూ మారతారు, తండ్రి నెలకో వారానికో మారతాడు, తాత ఏళ్ళ తరబడి కదలడు. ముప్ఫై కాపీలతో ఏడేళ్ళ వెనక్కి చూడగలగడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది. అయితే ఆ తాత కాపీల మీదికే పాలసీ మార్పులు వచ్చి పడతాయి. ఎక్కువ కాలం చోటు తినేవీ, ఎవరూ అడగకుండా పడి ఉండేవీ అవే కదా.

ఇప్పుడు గడువు సంగతి. మన ఇళ్ళల్లో రెండు రకాల గడువులున్నాయి. మందుబిళ్ళల పట్టీ చూడండి. దాని వెనక గడువు తేదీ ముద్ర వేసి ఉంటుంది. రేపు ఆ కంపెనీ తన మందుల గడువు మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గించిందనుకోండి, మీ బీరువాలో ఉన్న పట్టీ మీది తేదీ మారదు. పెంచినా మారదు. ఇక పాత పేపర్ల సంగతి. మూడు నెలల పేపర్లు ఉంచి మిగతావి తూకానికి వేసేయడం ఒక ఇంటి అలవాటు. ఏ పేపరు మీదా దాన్ని ఎప్పుడు అమ్మాలో రాసి ఉండదు. ఇంటి పెద్ద ఒకరోజు, నెల రోజులవి ఉంచితే చాలమ్మా అన్నారంటే, రెండో నెలవీ మూడో నెలవీ ఆ మధ్యాహ్నమే తక్కెడ ఎక్కుతాయి. అవి వచ్చిన రోజున ఏ నియమం ఉండేదో ఎవరూ అడగరు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్లన్నీ ఈ రెండిట్లో ఏదో ఒక దారిన నడుస్తాయి. నా జూన్ శనివారం కథలో ఉన్నది ఒరాకిల్ డేటాబేసు, దాని ఆర్‌మ్యాన్ అనే బ్యాకప్ పనిముట్టు. అది పాత పేపర్ల దారి. ఏ కాపీకి కాలం చెల్లిందన్నది, తుడిచే క్షణంలో అమలులో ఉన్న పాలసీని బట్టి లెక్కేస్తుంది. కాపీ తీసిన రోజున పాలసీ 400 అని ఉండేదన్న సంగతి దానికి అక్కర్లేదు. నేను మనసులో అనుకున్నదేమో మందుబిళ్ళ దారి. తప్పు పనిముట్టుది కాదు. అది ఏం చేస్తుందో దాని పుస్తకంలో స్పష్టంగానే ఉంది. నేను చదవలేదు.

రెస్టిక్, బోర్గ్ అని చాలామంది ఇష్టంగా వాడే ఉచిత పనిముట్లు కూడా పాత పేపర్ల దారిలోవే. తుడవమన్న ప్రతిసారీ అప్పుడిచ్చిన లెక్కతోనే జల్లెడ పడతాయి. ఐబీఎం వారి స్టోరేజ్ ప్రొటెక్ట్, వెనకటి పేరు టీఎస్‌ఎం, అదీ అంతే. పాలసీ సెట్టును యాక్టివేట్ చేశాక కాలం చెల్లినవాటిని ఏరే పని ఒక్కసారి నడిస్తే చాలు, పాత వెర్షన్లకు కూడా కొత్త లెక్కే. అమెజాన్ వారి ఫైళ్ళ నిలవ సేవ ఎస్‌త్రీలో లైఫ్‌సైకిల్ నియమం పెట్టినా, అప్పటికే ఆ బకెట్‌లో ఉన్న ఫైళ్ళకు కూడా వర్తిస్తుంది. ఇకమీదట వచ్చేవాటికే కదా అని 30 రోజుల నియమం పెట్టి, మర్నాటికి ఏళ్ళనాటి ఫైళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ బాధ నేను దగ్గర నుంచి చూశాను.

మరో దారిలో, అంటే మందుబిళ్ళ దారిలో, నెట్‌బ్యాకప్ ఉంది. అక్కడ కాపీ తీసినప్పుడే గడువు తేదీ దాని మీద పడుతుంది. తర్వాత రిటెన్షన్ లెవెల్ నిర్వచనం మార్చినా, పాత కాపీల తేదీలు కదలవు. అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ బ్యాకప్‌లో ప్లాను మారిస్తే, ఆ మార్పు రాబోయే కాపీలకే. బాక్యులాలో పూల్ సెట్టింగు మార్చినా, అప్పటికే ముద్ర పడిన వాల్యూములు పాత గడువుతోనే నడుస్తాయి. వాటిని విడిగా అప్‌డేట్ చేస్తేనే కొత్తది అందుతుంది.

ఒకే కంపెనీ సరుకైతే ఒకే దారి ఉంటుందిలే అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఎస్‌క్యూఎల్ డేటాబేసులకు దీర్ఘకాల నిలవ సదుపాయం ఉంది, పదేళ్ళ దాకా ఉంచుకోవచ్చు. అక్కడ పాలసీ మారిస్తే కొత్త కాపీలకే వర్తిస్తుంది, పాతవి పాత గడువుతోనే ఉంటాయి. అదే అజూర్‌లో వర్చువల్ మెషీన్ల బ్యాకప్ పాలసీలో గడువు తగ్గిస్తే, అప్పటికే ఉన్న కాపీలకు (రికవరీ పాయింట్లకు) కూడా కొత్త గడువు తగులుకుని, తర్వాతి శుభ్రం చేసే జాబులో అవి పోతాయి. ఒకే పోర్టల్, ఒకే లాగిన్, పక్కపక్కనే రెండు పాలసీ పెట్టెలు, వాటి నడక మాత్రం పూర్తిగా వేరు. ఒకదాని మీద చేయి తిరిగిన మనిషి ఆ ధైర్యంతోనే రెండోదాన్ని ముట్టుకుంటాడు. ఈ రంగంలో నాకు ఎక్కువ భయం అక్కడే.

మందుబిళ్ళ దారిలో పాతవాటికి ఢోకా లేదు కదా అంటారేమో. గడువు తగ్గించినప్పుడు లేదు. పెంచినప్పుడు ఉంది. ఐదేళ్ళు ఉంచే సంస్థ, 2024లో లెక్కల కాపీలు ఎనిమిదేళ్ళు ఉంచాలని తెలుసుకుని, పాలసీలో 5ను 8 చేసిందనుకోండి. అందరూ నిశ్చింతగా ఉంటారు. కానీ 2021 మార్చి కాపీ మీద 2026 మార్చి అని ముద్ర పడి ఉంది. ఆ రోజు రాగానే అది తన దారిన పోతుంది. పాలసీ తెర మీద ఎనిమిదేళ్ళు అనే కనిపిస్తూ ఉంటుంది. ఇలాంటిచోట పాత కాపీల తేదీలను విడిగా మార్చాలి. నెట్‌బ్యాకప్‌లో అందుకు తేదీలు తిరగలెక్క వేయించే ఆదేశం ఉంది. ఏడబ్ల్యూఎస్‌లో ఒక్కొక్క రికవరీ పాయింటు లైఫ్‌సైకిల్‌ను దిద్దుకోవాలి. అలాంటి సదుపాయం లేనిచోట, ఆ కాపీని ఒకసారి రీస్టోర్ చేసి, దాన్నుంచి కొత్తగా ఎగుమతి తీసి, వేరేచోట దాచాలి. ఓపికతో కూడిన పని. చేయాల్సిందే.

ఎనిమిదేళ్ళు అని ఊరికే అనలేదు. మన కంపెనీల చట్టం 2013లోని 128వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్పును భారతదేశంలోనే ఉన్న సర్వర్లలో, రోజువారీగా ఉంచాలని 2022 ఆగస్టులో నిబంధన సవరించారు. జీఎస్టీ చట్టం అడిగేది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సిస్టమ్ లాగులకు 180 రోజులన్నారు. ఒకే సర్వరులో ఈ మూడు రకాల సమాచారమూ ఉండొచ్చు. వాటన్నిటికీ ఒకే అంకె పెట్టిన పాలసీని ఎవరు ఏ కారణంతో తగ్గించినా, మూడిట్లో ఒకదానికి దెబ్బ తగులుతుంది. అందుకే పాలసీ పక్కన, ఈ అంకె ఎందుకు పెట్టామో ఒక వాక్యం రాసిపెట్టమని నేను ప్రతిచోటా పోరు పెడతాను. 400 ఎందుకు పెట్టారో నాకు తెలిసి ఉంటే ఆ శనివారం నేను దాన్ని తాకేవాణ్ణి కాదు. ఏడాది ముగింపు కాపీ, ఆడిట్ అయ్యేదాకా ఉండాలని ఎవరో ఆలోచించి పెట్టారు. ఆ ఆలోచన వాళ్ళతోపాటే సంస్థ వదిలి వెళ్ళిపోయింది.

పెద్దపెద్ద సంస్థలకే ఇది తప్పలేదు. అమెరికా బ్యాంకు జేపీమోర్గాన్ ఉదంతం ఆ దేశ సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఉత్తర్వులోనే వివరంగా ఉంది. 1970లు, 80ల నాటి అక్కర్లేని పత్రాలను తీసేయాలని ఆ సంస్థ 2016లో ఒక పని మొదలుపెట్టింది. కొన్ని తుడుచుకుపోవడం లేదు. ఎందుకో చూద్దామని 2019 జూన్‌లో సిబ్బంది 2018 తొలి నెలల ఈమెయిళ్ళ మీద తుడిచే ఆదేశం నడిపారు. 36 నెలలు నిండని ఏ మెయిలూ శాశ్వతంగా పోకుండా రక్షణ ఉందని వాళ్ళ నమ్మకం. ఆ రక్షణ పెట్టాల్సింది నిలవ చూసే బయటి సంస్థ. ఒక్క డొమైన్‌కు ఆ సెట్టింగు పడలేదు. దాంతో సుమారు 8,700 మెయిల్ పెట్టెల్లోంచి 4 కోట్ల 70 లక్షల సందేశాలు తిరిగిరాకుండా పోయాయి. వాటిలో కొన్ని, నడుస్తున్న విచారణల్లో అడిగినవి. 2023 జూన్‌లో 40 లక్షల డాలర్ల జరిమానా పడింది. రక్షణ ఉందని అందరూ నమ్మారు. ఉందో లేదో ఒక పనికిరాని మెయిలు తుడిచి చూసి ఉంటే తేలిపోయేది.

2020 ఆగస్టులో ఆడిట్ సంస్థ కేపీఎంజీలో ఒక మనిషి ఖాతాకు సంబంధించి రిటెన్షన్ పాలసీలో చేయబోయిన మార్పు, పొరపాటున సంస్థ మొత్తానికి వర్తించింది. లక్షా నలభై ఐదు వేల మంది మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్ సంభాషణలు చెరిగిపోయాయి. పాలసీ ఎవరికి వర్తిస్తుందన్న గడి, ఎన్ని రోజులన్న గడి కంటే ప్రమాదకరం. మనం ఎప్పుడూ రోజుల గడినే రెండుసార్లు చూసుకుంటాం.

క్యోటో విశ్వవిద్యాలయంలో జరిగింది ఇంకాస్త ఆగి వినాల్సిన కథ. అక్కడి సూపర్‌కంప్యూటరు నిలవ వ్యవస్థలో పది రోజులు దాటిన లాగ్ ఫైళ్ళను తుడిచే స్క్రిప్టు ఒకటుండేది. 2021 డిసెంబరులో, దాన్ని సరఫరా చేసిన కంపెనీవాళ్ళు చదవడానికి తేలికగా ఉండాలని అందులో వేరియబుల్ పేరొకటి మార్చి, కొత్త స్క్రిప్టును పాతదాని మీదే రాసేశారు. ఆ సమయానికి పాత స్క్రిప్టు ఇంకా నడుస్తూనే ఉంది. షెల్ స్క్రిప్టులు చివరిదాకా ఒకేసారి చదువుకుని నడవవు, నడుస్తూ నడుస్తూ చదువుకుంటాయి. సగం పాతదీ సగం కొత్తదీ కలిసిపోయి, ఏ సంచిలో తుడవాలో చెప్పే పేరు ఖాళీ అయిపోయింది. లాగుల సంచి బదులు మొత్తం నిలవ మీద పడింది తుడుపు. డిసెంబరు 14 నుంచి 16 వరకు 77 టెరాబైట్లు, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు, 14 పరిశోధక బృందాలవి పోయాయి. నాలుగు బృందాల డేటా మళ్ళీ రాలేదు. కంపెనీ బాధ్యత ఒప్పుకుంది. పరిశోధకుల పని మాత్రం పోయింది. నేర్పిన సంగతి చిన్నదే. తుడిచే పని నడుస్తుండగా దాని నియమాన్ని ముట్టుకోకూడదు. ముందు ఆపాలి.

నేను ఇప్పుడు పాలసీ మార్చేటప్పుడు మొట్టమొదట చేసేది అదే, తుడిచే జాబును ఆపేస్తాను. బ్యాకప్ తీసే జాబు వేరు, తుడిచే జాబు వేరు. కొన్నిచోట్ల రెండూ ఒకే స్క్రిప్టులో అతుక్కుని ఉంటాయి, విడదీస్తాను. తర్వాత, ఇప్పుడున్న కాపీల జాబితాను తేదీలతో సహా కాగితం మీదికి తీస్తాను. కొత్త అంకె పెడితే ఏవి పోతాయో చెప్పమని పనిముట్టునే అడుగుతాను. ఆర్‌మ్యాన్‌లో రిపోర్ట్ అబ్సలీట్ అనే ఆదేశం ఉంది, ఫలానా రోజుల లెక్కన ఏవి కాలం చెల్లుతాయో తుడవకుండా చెబుతుంది. రెస్టిక్‌లోనూ బోర్గ్‌లోనూ డ్రై రన్ అని ఉంది. ఆ జాబితా చేతికొచ్చాక, నేనొక్కణ్ణే చూడను. లెక్కల విభాగం వాళ్ళకు చూపిస్తాను. మార్చి 31 అన్న తేదీ నాకు ఒక ఫైలు పేరు, వాళ్ళకు ఏడాది మొత్తం చాకిరీ. చూడగానే వాళ్ళ వేలు అక్కడికే పోతుంది.

వేలు పెట్టిన ప్రతి కాపీనీ పాలసీ చేతికి అందకుండా పక్కన పెట్టాలి. దీన్ని మేం పిన్ చేయడం అంటాం. ఆర్‌మ్యాన్‌లో కీప్ అని గుర్తు పెడితే, పాలసీ ఏమైనా ఆ కాపీ జోలికి రాదు. ఎస్‌త్రీలో లీగల్ హోల్డ్ పెట్టొచ్చు, దాన్ని ఎత్తేసేదాకా ఆ ఫైలు వెర్షన్ పోదు. ఆబ్జెక్ట్ లాక్‌లో కంప్లయన్స్ మోడ్ అని ఇంకా గట్టిది ఉంది. అందులో పెట్టిన గడువును ఖాతా మొత్తానికి యజమాని అయిన రూట్ యూజర్ కూడా తగ్గించలేడు. అంత గట్టిది కాబట్టే ఆచితూచి వాడాలి. రోజుల బదులు ఏళ్ళు కొట్టామంటే, ఆ బిల్లు అన్నేళ్ళూ కట్టాల్సిందే.

ఇంకొక మంచి అలవాటు. పాత పాలసీని దిద్దకండి. కొత్త పేరుతో కొత్త పాలసీ రాసి, కొత్త కాపీలను దాని కిందికి పంపండి. పాత పాలసీ, పాత కాపీలతో తన కాలం తాను గడిపి ముగిసిపోతుంది. రెండు పాలసీలెందుకు, అంతా చిందరవందరగా ఉంటుందని పైవాళ్ళు విసుక్కుంటారు. ఒక ఏడాది చిందరవందరగా ఉండనివ్వండి సార్ అని నేను బతిమాలిన సందర్భాలున్నాయి.

కాపీల మధ్య చుట్టరికాలు కూడా చూసుకోవాలి. ఆదివారం మొత్తం డేటాకు ఫుల్ బ్యాకప్ తీస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా మారినంత మేరకే తీస్తారు. శనివారం కాపీ ఒక్కటే ఉంచుకుని ఆదివారంది తీసేస్తే, ఉన్నది ఎందుకూ పనికిరాదు. మంచి పనిముట్లు ఈ గొలుసును గుర్తుపెట్టుకుంటాయి. మనం చేత్తో రాసుకున్న, 30 రోజులు దాటిన ఫైళ్ళన్నీ తుడిచెయ్యి అనే ఒంటి లైను స్క్రిప్టుకు ఆ గుర్తు లేదు. దానికి ఇంకో లోపమూ ఉంది. ఏ కారణం చేతనో కొత్త బ్యాకప్పులు రావడం ఆగిపోతే, అది మాత్రం ఆగదు. రోజుకొకటి చొప్పున తుడుచుకుంటూ పోయి, ముప్ఫై ఒకటో రోజుకు గూడు ఖాళీ చేస్తుంది. రోజులు లెక్కపెట్టే పాలసీకీ, కాపీలు లెక్కపెట్టే పాలసీకీ ఉన్న తేడా ఇది. చివరి ఏడు కాపీలు ఉంచు అని చెప్పి ఉంటే, కొత్తవి రాకపోయినా ఆ ఏడూ మిగిలేవి. ఒకదాన్నుంచి ఒకదానికి మారేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

కొత్త పాలసీలో ఏడాదికి పన్నెండు నెల కాపీలు అని రాసినంత మాత్రాన, వెనకటి పన్నెండు నెలలవి పుట్టుకురావు. నిన్నటిదాకా పద్నాలుగు రోజులవే ఉంచితే, చేతిలో ఉన్నవి పద్నాలుగే. పన్నెండు నెలలు నిండేదాకా ఆ పాలసీ కాగితం మీదే ఉన్నట్టు లెక్క. దీన్ని పైవాళ్ళకు ముందే చెప్పడం మంచిది.

తాళంచెవులు మర్చిపోయేవాళ్ళు చాలామంది. ఇప్పుడు కాపీలన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తున్నాం. డేటాకు ఎనిమిదేళ్ళ గడువు పెట్టి, దాన్ని తెరిచే కీని మూడేళ్ళకు తీసేస్తే, ఐదేళ్ళు ఉత్త బరువును మోస్తున్నట్టే. అమెజాన్‌లో కీ తీసేయమని చెబితే వెంటనే తీయరు, 7 నుంచి 30 రోజులు ఆగుతారు, ఆలోగా మనసు మార్చుకోవచ్చు. కీ ఎవరు వాడుతున్నారో తెలియనప్పుడు 30 రోజులే పెట్టండి. అలాగే జాబితా పుస్తకం, అంటే క్యాటలాగు. ఒరాకిల్‌లో బ్యాకప్పుల వివరాలు కంట్రోల్ ఫైల్లో ఉంటాయి. వాటిని కనీసం ఎన్నాళ్ళు ఉంచాలన్న సెట్టింగు, మార్చకపోతే ఏడు రోజులే. ఆ తర్వాత వాటి మీద కొత్త వివరాలు ఎక్కే అవకాశం ఉంది. కాపీ ఎక్కడో భద్రంగానే ఉంటుంది, అది ఉందని ఎవరికీ తెలియదు. దీర్ఘకాలం ఉంచేవారికి విడిగా రికవరీ క్యాటలాగు ఉండి తీరాలి.

ఏ పాలసీకీ అందని కాపీ ఒకటి ఉండాలన్నది నేను పట్టుబట్టే మాట. 2011 ఫిబ్రవరి చివర్లో జీమెయిల్ వాడేవారిలో కొద్దిమందికి పెట్టెలు ఖాళీగా కనిపించాయి. నూటికి 0.02 వంతు మందికి అని గూగుల్ చెప్పింది. సాఫ్ట్‌వేరు లోపం వల్ల, వేర్వేరు డేటా కేంద్రాల్లో ఉన్న నకళ్ళు కూడా పోయాయి. మళ్ళీ వచ్చింది టేపుల మీద నుంచి. టేపు ఆఫ్‌లైన్‌లో ఉంటుంది, లోపం దాని దాకా చేరలేదు. తీసి అలమరలో పెట్టిన టేపును, ఏ తెర మీద ఏ అంకె మార్చినా తుడవలేం. మనిషి లేచి వెళ్ళి, తాళం తీసి, చేతిలోకి తీసుకోవాలి. ఆ నాలుగడుగుల దూరంలోనే చాలాసార్లు తప్పు తెలిసొస్తుంది.

అలాగని ఏదీ తీయకుండా ఎప్పటికీ ఉంచుకోవాలని నేననను. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. ఏ పని కోసం సమాచారం తీసుకున్నారో ఆ పని తీరాక, మరే చట్టమూ ఉంచమనకపోతే, తుడిచేయాలంటుంది. ఒక రోగి వివరాలు, ఒక ఖాతాదారు వివరాలు అవసరం లేకపోయినా దాచి ఉంచడం వాళ్ళకు చేసే అన్యాయం. తుడవాల్సినవి తుడవడానికీ, ఉంచాల్సినవి ఉంచడానికీ శ్రద్ధ ఒకటే కావాలి.

ఇది ఆఫీసుల గొడవ, మాకెందుకని కొందరు శ్రోతలు అనుకోవచ్చు. మీ ఇంటి దాకా వచ్చిన మార్పు ఒకటి చెబుతాను. 2023 మేలో గూగుల్ తన నియమం మార్చింది. రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను, అందులోని మెయిళ్ళు, ఫొటోలతో సహా తీసేయవచ్చని ప్రకటించి, ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమలు మొదలుపెట్టింది. ఇది పాత పేపర్ల దారి. ఎప్పుడో తెరిచిన ఖాతాకు కూడా కొత్త నియమమే. ముందే చెప్పారు, గుర్తుచేసే మెయిళ్ళూ పంపుతారు. కానీ పోయిన మనిషి ఖాతాకు వచ్చే మెయిలు ఎవరు చదువుతారు? తండ్రి ఫోనులో తీసిన ఫొటోలు ఆయన ఖాతాలోనే ఉన్నాయి, మేమెప్పుడైనా చూసుకోవచ్చు అనుకుని అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు ఎందరో. ఆ పాస్‌వర్డు మీకు తెలిసి ఉంటే ఇవాళే ఒకసారి లోపలికి వెళ్ళండి. టేకౌట్ అని గూగుల్‌లో ఒక సదుపాయం ఉంది, అందులో మొత్తం దింపుకోవచ్చు. దింపి, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, అన్నదమ్ముల ఇంట ఒకటి, అక్కచెల్లెళ్ళ ఇంట ఒకటి ఉంచండి. పెద్దవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటులో మీ పేరు పెట్టించుకోండి. ఖాతా వాడకం ఆగితే మీకు కబురు వస్తుంది.

మా సంస్థలో ఇప్పుడు ఏటా ఏప్రిల్ మొదటి వారంలో ఒక పని చేస్తాం. మా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే పాత ఏడాది కాపీని తీసి, వేరే యంత్రం మీద తెరిచి చూస్తాం. లెక్కల విభాగం నుంచి ఒకమ్మాయి వచ్చి, ఆ ఏడాది అచ్చువేసిన బ్యాలెన్సు షీటు పక్కన పెట్టుకుని, తెర మీది అంకెలతో పోల్చి సంతకం పెడుతుంది. కిందటిసారి తీసినది ఏడేళ్ళ కిందటిది. తెరవడానికి రెండు రోజులు పట్టింది. ఆనాటి డేటాబేసు వెర్షను ఇప్పటి యంత్రం మీద నడవలేదు. పాత సాఫ్ట్‌వేరు వెతికి, దానికి సరిపడే ఆపరేటింగ్ సిస్టమ్ వెతికి, చివరికి కీ ఉన్న కవరు కోసం లాకరు తీయించాల్సి వచ్చింది. రెండో రోజు సాయంత్రం ఐదింటికి మార్చి 31 నాటి తరుగుదల పద్దులు తెర మీదికి వచ్చాయి. ఆ అమ్మాయి ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదివి, అంతా సరిగ్గానే ఉంది సార్ అంది. ఆ పాత సాఫ్ట్‌వేరును కూడా ఆ కాపీ పక్కనే పెట్టి, రెండిటికీ ఒకే గడువు రాశాం.